పిలిచిన తుప్పు

ముప్పై నాలుగేళ్ళు షిప్‌యార్డులో
నా పని తుప్పుని కొట్టడం.
ఓడ పొట్ట పక్కన తాళ్ళ పలక మీద కూచుని
చిప్పింగ్ సుత్తితో టకటకా టకటకా,
సాయంత్రానికి ముక్కులో ఎర్ర పొడి,
క్యారేజీ అన్నంలో ఎర్ర పొడి.
ఒక చెవి అక్కడే వదిలేసి రిటైరయ్యాను.

ఇప్పుడు మల్కాపురంలో, మేడ మీద,
బట్టలారేసే తీగకి ఒక ఇనప గొట్టం వేలాడదీసి
తుప్పుని పిలుస్తున్నాను, రావమ్మా అని.

గొట్టం నాది కాదు.
వాల్తేరు రైల్వే క్వార్టర్స్ డెస్మండ్ దొరది.
దొర అంటే కోపం ఆయనకి,
"గూడ్సు గార్డుని, దొరేంట్రా" అంటాడు.
మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకి,
ముక్కలు ముక్కలుగా పెట్టెలో వచ్చింది.
కలెక్టరేటు చుట్టూ పదకొండు నెలలు తిరిగి
లైసెన్సు కాగితం చేతికొచ్చేసరికి
ఆ చేతులు వణకడం మొదలెట్టాయి.
"నువ్వు చెయ్యి, సన్యాసీ."

ముందు చెక్క.
అక్రోటు చెక్కట, మన కొండలది కాదు.
తడిగుడ్డతో తుడిస్తే పోగులు నిక్కబొడుచుకుంటాయి.
ఆరాక గరుకు కాగితంతో రుద్దు. మళ్ళీ తడుపు. మళ్ళీ లేస్తాయి.
నాలుగోసారికి
అలిగి అలిగి నిద్రపోయిన పిల్లాడి జుట్టులా పడుకుంటాయి.
కరక్కాయ నానిన నీళ్ళు ఒక పూత,
పాత మేకులు ఊరిన పుల్లగంజి ఒక పూత,
రెండూ కలిసిన చోట
చెక్క నా కళ్ళముందే నల్లబడింది,
వల లాగేవాడి వీపులా.
ఆపైన అవిసె నూనె. గుడ్డతో కాదు,
అరచేత్తో, వేడి పుట్టేదాకా.
బతుకంతా పెయింటు వేసినవాణ్ణి,
పెయింటు గుమ్మం బయట కాపలా కాస్తుంది.
నూనె తిన్నగా వంటింట్లోకొచ్చి కూచుంది.

ఇనుము దగ్గర ఇంత చనువు కుదరదు.
సున్నపు తేటతో జిడ్డు కడిగాక
ఇంక వేలు తగలనివ్వకూడదు.
చెమటలో ఉప్పుంటుంది, ఉప్పుకి తొందరెక్కువ.
రాత్రి యారాడ కొండ మీంచి గాలి దిగుతుంది,
చేపల రేవు వాసన, హార్బరు నూనె వాసన,
ఎరువుల ఫ్యాక్టరీ ఘాటు కొంచెం.
తెల్లారేసరికి గొట్టం మీద సన్నటి ఎర్ర నూగు.
గోనెగుడ్డతో పొడి దులిపి, కింది రంగు ఉంచి
మళ్ళీ తీగకి.
మొదటి రాత్రి ఇటుక రంగు.
మూడో రాత్రి బెల్లం.
ఆరో రాత్రికి చింతపండు.
వేరే ఊళ్ళలో దీనికి ఏవో మందులు కావాలట,
ఆవిరి పెట్టె కావాలట.
మా ఊళ్ళో రాత్రి చాలు.

ఎర్నమ్మ నవ్వింది:
"ఇన్నాళ్ళూ దాన్ని తరిమీసినావు,
ఇప్పుడు పిలిసి ఉయ్యాలేసి ఊపుతన్నావేటి?"
వినపడని చెవి అటు తిప్పాను.

ఏడో రోజు తనే
చీర ఆరేస్తూ గొట్టాన్ని పక్కకి జరిపింది, తడిచేత్తో.
మర్నాడు చూస్తే, మూతికి జానెడు కింద
బొటనవేలి ముద్ర.
గీతలతో సహా, నల్లగా,
రేషను డిపో పుస్తకంలో వేసినంత స్పష్టంగా.
గీకెయ్యొచ్చు.
గీకితే ఏడు రాత్రులూ పోతాయి, మళ్ళీ ఇటుక నుంచి.
సుత్తి పట్టిన చేతికి అదొక లెక్కా?
గరుకు కాగితం మడిచి, చాలాసేపు పట్టుకుని కూచున్నాను.
తర్వాత లేచి చాకలిసోడా నీళ్ళు మరిగించి
గొట్టాన్ని ముంచాను.
తుప్పు అక్కడితో ఆగింది, ముద్రతో పాటు.
వేడి మీదే తేనెమైనం పూస్తే
డికాక్షన్ రంగు తేలింది.

ఆదివారం దొర వచ్చాడు,
ఆటో దిగి, రెండంతస్తులూ ఆగి ఆగి ఎక్కి.
కళ్ళద్దాలు నుదుటి మీదకి తోశాడు.
మడమ నుంచి మూతి వైపు ఆయన వేలు నడిచింది,
వణుకుతూ,
ముద్ర దగ్గర ఆగింది.
ఎవరిదని అడగలేదు.
తన బొటనవేలు దాని మీద పెట్టి
సరిపోతుందేమో చూశాడు.
ఆయనది పెద్దది.

టీ గ్లాసులు పట్టుకొచ్చిన ఎర్నమ్మ
గుమ్మంలోనే నిలబడి,
"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అంది.